చెయ్యెత్తాల్సిన శుక్రవారం

రహతీ పడవ విల్లో చెట్ల సందులోంచి బయటికి వచ్చేసరికి నబీర్ మడి మీద మోకాళ్ళూని నాచుముద్దలు పెడుతున్నాడు. సరస్సు అడుగునుంచి తోడిన నాచులో బురద కలిపి, బాగా పిసికి, దోసపాదు మొదట్లో కుప్పగా పేర్చి అరచేత్తో మెత్తాలి. మా డల్ సరస్సులో మడి నేల మీద ఉండదు. రెల్లు వేళ్ళు ఒకదాన్నొకటి పెనవేసుకుని మందపాటి చాపలా తేలుతుంటే, దాని మీద మట్టి పోసి, మూలల్లో గుంజలు దిగేసి ఆపుతాం. మనిషి జరిగితే మడీ జరుగుతుంది. ఇల్లరికం వచ్చిన కొత్తల్లో నబీర్ దీని మీద నడవబోయి నడుంలోతు దిగబడిపోతే, మామగారి ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు.

రహతీ అతని వంక చూడలేదు. మడి చివర, కొత్త మట్టి మెత్తిన మూల వంక చూసింది. పోయిన నెల దాకా అక్కడ పుదీనా దుబ్బు ఉండేది.

"సమద్ అన్నా!" అని కేక పెట్టింది. "బయటికి రా. సంతలో వినపడనట్టు నటించావు, ఇంటి ముందుకే వచ్చాను. ఇక్కడ కూడా చెవుడేనా?"

నబీర్ మామగారు సమద్ కాక వాకిట్లోకి వచ్చాడు. చేతిలో తస్బీ, తలమీద తెల్ల టోపీ. ఈ చుట్టుపక్కల నీళ్ళలో ఆయనంటే అందరికీ గౌరవం. ఏ శుక్రవారమూ దర్గా నమాజు తప్పినవాడు కాదు. పెళ్ళిళ్ళకి మాట ఇచ్చేది ఆయనే, తగువులకి మాట చెప్పేది ఆయనే.

"లోపలికి రామ్మా రహతీ. టీ తాగు."

"నీ టీ నాకొద్దు. నా మడి నాకియ్యి. ఆ పెద్ద గాలికి గుంజలు ఊడి కొట్టుకొచ్చిన మడి నీ ఒడ్డున ఆగితే, గుడ్డ కట్టి సంతలో కేకెయ్యాల్సినవాడివి. నువ్వు నీ మడికి కుట్టేసుకున్నావు."

ఇక్కడ అందరూ పాటించే మర్యాద అది. గాలికి మడి తెగి ఎవరి వాకిట్లో తేలితే వాళ్ళు దానికో గుడ్డపీలిక కట్టి, తెల్లవారగట్ల కూరగాయల పడవలన్నీ చేరే నీళ్ళ సంతలో "ఎవరిదో మడి వచ్చిందహో" అని అరవాలి. నబీర్ ఆ రోజు పొద్దున ఆ గుడ్డపీలిక తీసుకొచ్చాడు కూడా. మామగారు దాన్ని చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గాలి తెచ్చింది. పంపినవాడు పంపాడు. గుంజలు తే" అన్నాడు. నబీర్ తెచ్చాడు. గుంజలు దిగేశాడు, రెండు మళ్ళ అంచులూ కోసి రెల్లుతాడుతో కుట్టాడు, పుదీనా పీకి నీళ్ళలో పారేశాడు. ఆ పుదీనా వాసన చేతులకి ఎన్నాళ్ళున్నదో!

"ఆడదానివి, మొగుడు పోయి బాధలో ఉన్నావు. ఏదో అంటావు, నేను పట్టించుకోను. ఈ మడి మాది" అన్నాడు సమద్ కాక నెమ్మదిగా.

"అయితే దర్గాలో చెయ్యెత్తు."

చుట్టూ పడవలు ఆగిపోయాయి. కలువకాడలు తీసేవాళ్ళు, నాచు కోసేవాళ్ళు, పని లేకుండా పోతున్నవాళ్ళు, అందరూ తెడ్లు పైకెత్తి చూస్తున్నారు. వాళ్ళలో లస్సా పెద్దాయన ఉన్నాడు. పళ్ళూడిన ముసలాయనే గానీ ఆయన అవునంటే సరస్సు మొత్తం అవునన్నట్టే.

"అడిగినదాంట్లో తప్పేం లేదు సమద్" అన్నాడు లస్సా పెద్దాయన. "ఎల్లుండి శుక్రవారం. దీదార్ కూడా ఉంది, పవిత్ర కేశం చూపించే రోజు. దర్గా ముందర మీ ఇంటి మగాడు చెయ్యెత్తి 'మడి మాది' అంటే ఆమె నోరు మూసుకుంటుంది. ఏం రహతీ?"

"మూసుకుంటాను. మళ్ళీ ఈ వాకిట్లోకి పడవ తిప్పను."

సమద్ కాక తస్బీ పూసలు నాలుగు జరిపాడు. అప్పుడు మొదటిసారి అల్లుడి వైపు తిరిగాడు.

"మా అబ్బాయి ఎత్తుతాడు" అన్నాడు.

నబీర్ చేతిలో నాచుముద్ద జారి పాదు మీద పడింది. ఊలర్ సరస్సు నుంచి ఇల్లరికం వచ్చి ఇన్నేళ్ళయింది. "ఊలర్‌వాడు" అన్నారు, "మావాడు" అన్నారు, కోపమొస్తే "తిండిపోతు" అన్నారు. అబ్బాయి అని ఆ నోట రావడం ఇదే మొదలు.

ఆ సాయంత్రం ఇంట్లో టీ కాగే రాగి సమవార్ సణుగుతూనే ఉంది. అత్తగారు జానా ఉప్పుటీ పోసి, నబీర్ ముందు రొట్టె పెట్టి, దాని మీద వెన్న కూడా రాసింది. వెన్న చూడగానే నబీర్‌కి విషయం అర్థమైపోయింది. ఆ ఇంట్లో వెన్న చుట్టాలకి.

"తిను నాయనా. చిక్కిపోయావు" అంది జానా.

"నేను చిక్కిపోయి చాలా కాలమైంది అత్తా. మీరు ఇవాళే చూశారు."

నబీర్ భార్య జేబా నవ్వు ఆపుకోలేక చెంగుతో నోరు మూసుకుంది. తండ్రి చూపు తగలగానే తల దించుకుని, ఒళ్ళో పిల్లకి రొట్టె ముంచి పెట్టసాగింది. పిల్ల పేరు జూనీ. ఇంకా మాటలు పూర్తిగా రాలేదు, కనపడ్డ పడవనల్లా "నాన్నా" అంటుంది.

"మామా, మీరే చెయ్యెత్తితే బావుంటుందేమో. పెద్దవారు. మీ మాటకి విలువెక్కువ" అన్నాడు నబీర్.

సమద్ కాక గిన్నెలోని టీ ఊదుకుంటూ, "పెద్దవాణ్ణి కాబట్టే ఎత్తకూడదు. నేను ఎత్తానంటే ఆవిడ మాటని లెక్కపెట్టినట్టు అవుతుంది. ఇంటి కొడుకు ఎత్తితే సరిపోతుంది" అన్నాడు.

"ఆయనకి అసలే కంటి చూపు తగ్గుతోంది" అంది జానా గబుక్కున. "ఇప్పుడాయన చేత ప్రమాణం చేయిస్తే..." అని నాలిక కరుచుకుంది.

సమవార్‌లో బొగ్గు చిటపటలాడింది. దర్గా ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడికి కళ్ళు పోతాయని, కాదంటే వాడి వంశం ఎండిపోతుందని ఈ సరస్సు మీద పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"మరి నాకు కళ్ళు అక్కర్లేదా అత్తా?" అన్నాడు నబీర్.

"అయ్యో, అదేం మాట! కుర్రాడివి, నీకేమవుతుంది? అయినా ప్రమాణం తగిలితే చేసినవాడి మూలానికి తగులుతుందంటారు. నీ మూలం ఇక్కడ లేదుగా, ఊలర్‌లో ఉంది."

అంది, అనేసి తేలిగ్గా రొట్టె తుంచుకుంది. పాపం, ఆవిడ దుర్మార్గురాలు కాదు. తన ఇంట్లోకి వాన రాకుండా ఉంటే చాలు, పక్కింటి వాకిలి కొట్టుకుపోయినా పట్టని రకం. ఊలర్‌లో నబీర్ తల్లి ఒక్కతే పాత పడవింట్లో ఉంటోంది. పళ్ళెం నిండా సరస్సులో ఏరిన సింఘాడా కాయలు ఒలుస్తూ, వచ్చేపోయే పడవలవాళ్ళని "డల్ నుంచా? మా నబీర్‌ని చూశారా?" అని అడుగుతుంది. ఆవిడే మూలం.

నబీర్ వెన్న రాసిన రొట్టె పక్కకి జరిపి లేచాడు.

రేవు మెట్టు మీద కూర్చుని చేతులు కడుక్కుంటుంటే జేబా గిన్నెలు తోమే వంకతో వచ్చింది. ఇద్దరూ ఇంటివైపు వీపు పెట్టి కూర్చున్నారు.

"ఎత్తనంటే ఏం చేస్తారు?" అన్నాడు.

"పొమ్మంటారు. పెళ్ళినాడు పెద్దల ముందు అనుకున్న మాటే కదా. నువ్వు ఇల్లు వదిలితే పెళ్ళాం పిల్లా ఇక్కడే. ఎత్తితే మీ అమ్మకి గండం. ఎత్తకపోతే నేను, జూనీ నీకు దక్కం. మా నాన్న అన్నీ ఆలోచించే అబ్బాయి అన్నాడులే."

"నువ్వేమంటావు?"

జేబా బూడిదతో గిన్నె రుద్దుతూనే ఉంది. తళతళలాడుతున్న గిన్నెనే మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది.

"నన్నడగకు. ఆయన నన్ను ఎత్తుకు పెంచినవాడు, నువ్వు నా మొగుడివి. ఒక కన్ను పొడుచుకుంటావా రెండోది పొడుచుకుంటావా అంటే నేనేం చెప్పను? ఇంత ఇరుకులో ఎందుకు పుట్టానా అనిపిస్తోంది. పొద్దునా సాయంత్రం అవే నీళ్ళు, అదే రేవు. పక్కింటికి పోవాలన్నా ఆయన పడవే ఎక్కాలి."

నబీర్ చేతులు తోముకుంటున్నాడు. ఎంత తోమినా గోళ్ళలో నల్లబురద పోదు. డల్‌లో పనిచేసేవాడి గోళ్ళు అంతే, చచ్చాక కడిగేవాళ్ళకి కూడా లొంగవు. ఆ చెయ్యే ఎల్లుండి పైకెత్తాలి.

మర్నాడంతా నోరెత్తకుండా పనిచేశాడు. మడి మీదికి పోయిన ప్రతిసారీ కుట్టు కనిపిస్తూనే ఉంది. తను కుట్టిన కుట్టే. మట్టి మెత్తి, పాదు పాకించి మనుషులకి కనపడకుండా చేశాడు గానీ, కాలికి మాత్రం తెలిసిపోతోంది. ఇటు మడి ఒకలా ఊగుతుంది, అటు మడి ఒకలా ఊగుతుంది. మధ్యలో కాలు పెడితే ఒళ్ళంతా రెండుగా ఊగుతున్నట్టుంటుంది. రహతీ పాదుల దోసకాయలు బాగా కాశాయి. అవే కోసి మామగారు పొద్దున సంతకి పంపాడు.

శుక్రవారం నాడు సరస్సు మీద నీళ్ళు కనపడితే ఒట్టు. పడవ వెనక పడవ, పడవని రాసుకుంటూ పడవ. కొత్త బట్టలు కట్టినవాళ్ళు, కాలుచెయ్యి రాని ముసలివాళ్ళని ఒళ్ళో పడుకోబెట్టుకున్నవాళ్ళు, పిల్లలకి మొదటి వెంట్రుకలు తీయించడానికి తెచ్చినవాళ్ళు. తెల్ల గుమ్మటం దూరం నుంచే కనపడుతోంది. కనపడగానే పడవల్లో అందరూ ఒక్కసారి మాటలాపి, చేతులు ముఖానికి తుడుచుకున్నారు. నబీర్‌కి మాత్రం ఆ గుమ్మటం దగ్గరవుతున్నకొద్దీ తెడ్డు బరువెక్కింది. తను వేసే ప్రతి తెడ్డూ తననే అటు ఈడ్చుకుపోతోంది. వెనక్కి తిప్పాలంటే తిప్పే చోటు కూడా లేదు, అన్నివైపులా పడవలు.

సమద్ కాక ముందు కూర్చుని ప్రవక్తగారిని తలుచుకుంటూ దరూద్ చదువుకుంటున్నాడు. ఆయన కళ్ళు నిజంగానే తడిసి ఉన్నాయి. అదీ విచిత్రం. దర్గా అంటే ఆయనకి నటన కాదు, ప్రాణం. అంత ప్రాణం కాబట్టే తన చెయ్యి ఎత్తలేక, అల్లుడి చెయ్యి పట్టుకొచ్చాడు.

రేవులో దిగేచోట నూనె మరుగుతున్న మూకుళ్ళు, కలువకాడల బజ్జీలు, చాటంత పూరీలు, వాటి మీద ఎర్రటి హల్వా. "నమాజయ్యాక తిందాం అబ్బాయ్" అన్నాడు సమద్ కాక, భుజం మీద చెయ్యేసి. అలా చెయ్యేసుకుని నడిపించుకెళుతుంటే ఎరిగినవాళ్ళు సలాం చేస్తూ "అదృష్టవంతుడివి కాకా, కొడుకులాంటి అల్లుడు" అన్నారు. ఆ చెయ్యి మెత్తగానే ఉంది గానీ వదల్లేదు.

నమాజు అయింది. మగవాళ్ళ వరుసలు ఆగి, ఆడవాళ్ళ పచ్చికబయలు మొదలయ్యే చోట, చినార్ చెట్టు కింద, లస్సా పెద్దాయన చెప్పినట్టు అందరూ కలిశారు. రహతీ ముందే వచ్చి నిలబడి ఉంది. ఉతికిన పాత ఫెరన్ అంగీ వేసుకుంది. పక్కన ఎవరూ లేరు. జేబా, జానా కొంచెం ఎడంగా నిలబడ్డారు. జూనీ తల్లి భుజం మీద నిద్రపోతోంది.

మైకులో గొంతు ఆగింది. అంత జనమూ ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. పైన వరండాలోకి దర్గా మతపెద్ద వచ్చి, ప్రవక్తగారి పవిత్ర కేశం ఉన్న గాజుపాత్రని రెండు చేతులా ఎత్తి చూపించాడు. అప్పుడు లేచింది ఆ శబ్దం. అరుపు అనలేం, ఏడుపు అనలేం. వేల గొంతులు కలిసి లోపలున్నదంతా బయటపెట్టేసిన శబ్దం. మగవాళ్ళ చేతులు పైకి లేచాయి. ఆడవాళ్ళు ఫెరన్ అంచులు పట్టుకుని ఒడి చాపారు. ఏం అడుగుతున్నారో ఎవరికి వాళ్ళకే తెలుసు. మామగారు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

నబీర్ చేతులొక్కటే కిందికి వేలాడుతున్నాయి.

"ఊ, కానియ్యి నాయనా. ఇదే సమయం. కుడిచెయ్యి ఎత్తి, 'రహతీ అడిగే మడి మాది, అందులో ఇంకొకరికి హక్కు లేదు' అను" అన్నాడు లస్సా పెద్దాయన.

నబీర్ చెయ్యి ఎత్తాడు. ఎలా ఎత్తాడో తనకే తెలియదు. చెవి దాకా వచ్చింది. గోళ్ళలో నల్లబురద ఎండలో కనపడుతోంది. నోరు తెరిచాడు. భార్యవైపు చూశాడు, ఆమె పిల్ల వీపులో మొహం దాచేసుకుంది. మామగారి వైపు చూశాడు. మామగారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. అల్లుడి చెయ్యి లేచినంతసేపూ ఆయన కళ్ళు తెరవలేదు.

"అను నాయనా" అన్నాడు లస్సా పెద్దాయన.

"రహతీ పిన్ని అడిగే..." అన్నాడు నబీర్. తరవాత గొంతులోంచి గాలే వచ్చింది.

రహతీ ఒక అడుగు ముందుకు వచ్చింది. అతని చేతినే చూస్తోంది. ఆ గోళ్ళు, మణికట్టు దగ్గర తాడు కోసుకుపోయిన గీత, అదురుతున్న వేళ్ళు. తరవాత కళ్ళు మూసుకున్న సమద్ కాకని చూసింది.

"నీ తల్లి ఉందా?" అంది.

"ఉంది పిన్నీ. ఊలర్‌లో."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"చెయ్యి దించు."

నబీర్‌కి అర్థం కాలేదు. ఆవిడే వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, పిల్లాడి చెయ్యి దించినట్టు దించేసింది.

"లస్సా అన్నా, నాకు ప్రమాణం వద్దు. మడి వాళ్ళదే అనుకోండి. మడి పోతే రెల్లు మళ్ళీ అల్లుకుంటాను, నా రెక్కలు ఇంకా ఉన్నాయి. మడి కోసం ఇంకో ముసల్దాని కొడుకుని బలిపెట్టాననే మాట నాకొద్దు. కన్నకొడుకే అయితే సమద్ తెచ్చి ఇక్కడ నిలబెట్టేవాడా?" అంది.

అని, ఇంకెవరి వంకా చూడకుండా దర్గా వైపు తిరిగి ఒడి చాపింది. పెదవులు కదిలాయి. ఏమడిగిందో!

"చూశారా" అన్నాడు సమద్ కాక కళ్ళు తుడుచుకుంటూ, నలుగురికీ వినపడేలా. "నిజం ఎప్పటికీ నిలుస్తుంది. దర్గా మహిమ!"

లస్సా పెద్దాయన గడ్డం గోక్కుంటూ నబీర్ వంక కాసేపు చూసి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

రేవు దగ్గర మామగారు పూరీ హల్వా కొన్నాడు. అన్నిటికంటే పెద్ద ముక్క తుంచి నబీర్ చేతిలో పెట్టాడు. "తిను అబ్బాయ్. నా పరువు నిలబెట్టావు." నబీర్ ఆ ముక్క పట్టుకునే పడవెక్కాడు. తెడ్డు వెయ్యాలంటే చేతులు కావాలి కాబట్టి దాన్ని పక్కన పెట్టాడు. హల్వా నూనె చెక్కలోకి ఇంకిపోయింది. దారి పొడుగునా సమద్ కాక హుషారుగా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. వచ్చే ఏడు ఆ మడిలో టమాటా వేద్దామన్నాడు. ప్రమాణం తప్పింది, బతికిపోయావు పో, అని ఎవరైనా అంటే నబీర్ నవ్వేవాడేమో. బతికిపోయినట్టు లేదు. ఆ మాట అనేసి ఉంటే పాపం చేసినవాడయ్యేవాడు. ఇప్పుడు ఒక విధవ తన మడి ఇచ్చి కొనుక్కున్న మనిషయ్యాడు. ఆవిడ పట్టుకున్నచోట మణికట్టు ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు గానీ అందరూ పడుకున్నట్టే ఉన్నారు.

పొద్దెక్కి, సంత పడవలు తిరిగి వస్తున్న వేళ, నబీర్ రెల్లు కోసే పొడుగు కత్తి తీసుకుని మడి మీదికి వెళ్ళాడు. పాదు తీగల్ని జాగ్రత్తగా అటొకటి ఇటొకటి సర్ది, మట్టి తీసి, కుట్టు బయటపెట్టాడు. తను వేసిన ముడులు చాలా గట్టివి. కత్తి పెట్టి పరపరా కోస్తుంటే నీళ్ళు బుడగలు కక్కాయి.

"ఏయ్! ఏం చేస్తున్నావు?" జానా కేక వినపడి సమద్ కాక వాకిట్లోకి పరిగెత్తుకొచ్చాడు. రావడం రావడమే, చూసి, ఆగిపోయాడు. చుట్టూ పడవలు పోతున్నాయి. అరిస్తే నలుగురూ ఆగుతారు. అందుకని గొంతు తగ్గించాడు.

"నబీర్, ఆ కత్తి కింద పెట్టు. నిన్ననేగా తగువు తీరిపోయింది. ఆవిడే వదిలేసింది కదా."

"ఆవిడ వదిలింది మడిని కాదు మామా, నన్ను."

"ఆలోచించుకో. ఆ మడి ఈ వాకిలి దాటిందంటే నీకు ఈ గడప లేదు. పెళ్ళాం లేదు, పిల్ల లేదు. పెద్దల ముందు అనుకున్న మాట."

"తెలుసు మామా." నబీర్ కత్తి ఆగలేదు. "గుడ్డపీలిక మీ జేబులోనే ఉందా? ఉంటే ఇవ్వండి, కట్టుకుపోతాను."

సమద్ కాక చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది. ఏమీ ఇవ్వలేదు. తడబడుతూ వెనక్కి తిరిగి, గుమ్మంలో కూలబడ్డాడు. వాకిట్లో జేబా నిలబడి ఉంది. చంకలో జూనీ. నబీర్ ఒక్కసారే చూసి తల తిప్పేసుకున్నాడు. ఇంకోసారి చూస్తే కత్తి నీళ్ళలో పారేసేవాడే.

గుంజలు పెరికి, మడికి తాడు కట్టి, మడి మీదే నిలబడి పొడుగు గడతో నెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కడు చేసే పని కాదు. మడి తిన్నగా పోదు, పక్కకి తిరుగుతుంది, కలువల్లో చిక్కుకుంటుంది. నాచు గడని పట్టుకుని వదలదు. నెట్టి, లాగి, మళ్ళీ ఇటు పరిగెత్తి, అటు పరిగెత్తి. మోకాలు దాకా దిగబడ్డాడు రెండుసార్లు. పడవలవాళ్ళు దారి ఇచ్చారు. "ఏంరా నబీర్, మడిని షికారు తిప్పుతున్నావా?" అన్నాడొకడు. "ఇంటికి పంపుతున్నాను" అన్నాడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు పడవ ముక్కు ఆనించి మలుపు దగ్గర మడిని తిప్పి పెట్టారు కూడా.

రహతీ తన రేవులో కలువ ఆకులు ఆరబెడుతోంది. మడి వస్తుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

"గుంజలు దిగేసింది నేనే పిన్నీ" అన్నాడు నబీర్, ఆయాసపడుతూ. "కుట్టింది నేనే. పుదీనా పీకింది కూడా నేనే. నిన్న నువ్వు ఆపకపోతే ఆ మాట అనేసేవాణ్ణేమో. నాకే తెలియదు."

"నీ చేతులు విరిగిపోను!" అంది రహతీ. కళ్ళ నిండా నీళ్ళు వచ్చేశాయి. "నీ కడుపు కాల! మా ఆయన చేత్తో నాటిన పుదీనా రా అది. పీకడానికి నీకు చేతులెలా వచ్చాయి?" తిట్టినంతసేపు తిట్టింది. నబీర్ తల వంచుకుని గుంజలు దిగేస్తూనే ఉన్నాడు. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆ గుంజ వంకరగా ఉంది. పైకి తీసి సరిగ్గా దిగెయ్యి" అంది.

తీసి, సరిగ్గా దిగేశాడు.

"ఇప్పుడెక్కడికి పోతావు?"

"ఊలర్. మా అమ్మ దగ్గరికి." అమ్మ దగ్గరికి ఒట్టి చేతులతో పోవాలి. పిల్లేది అని అడుగుతుంది. పోయిన శీతాకాలంలో తను వెళ్ళినప్పుడు జూనీ కోసం ఆవిడ సింఘాడాలు దారానికి గుచ్చి దండ చేసింది. నబీర్ మడి అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రహతీ ఆపలేదు. ఏడవనిచ్చి, పక్కన టీ గిన్నె పెట్టింది.

టీ సగమయ్యేసరికి విల్లో చెట్ల సందులోంచి పడవ ఒకటి వచ్చింది. తెడ్డు వేస్తున్నది జేబా. తెడ్డు వెయ్యడం బాగా వచ్చినదే గానీ, ఇవాళ పడవ అటూ ఇటూ కొట్టుకుంటోంది. ముక్కు దగ్గర జూనీని తాడుతో చెక్కకి కట్టింది. మధ్యలో ఒక మూట. మూట పక్కన సమవార్, చిమ్నీలోంచి సన్నగా పొగ వస్తోంది. అది వాళ్ళమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన సమవార్. మా దగ్గర సమవార్ గడప దాటిందంటే సంసారం దాటినట్టే.

"నాన్నా!" అంది జూనీ. ఈసారి పడవని చూసి కాదు.

నబీర్ లేచి నిలబడ్డాడు. మడి ఊగింది.

"మీ నాన్న ఏమన్నాడు?" అన్నాడు.

"ఏమీ అనలేదు. గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. నేను మూట కట్టుకుంటే చూశాడు. సమవార్ ఎత్తుకుంటే చూశాడు. అమ్మ శోకాలు పెట్టింది. ఆయన మాత్రం..." జేబా పెదవి కొరుక్కుంది. "నిప్పులు ఇంకా ఉన్నాయి, పిల్లకి తగలకుండా చూసుకో అన్నాడు."

రహతీ వంగి మడి మీద పెద్ద దోసకాయ చూసి, కోసి, పడవలో పడేసింది. "మీ అత్తగారికి ఇవ్వు. రహతీ ఇచ్చిందని చెప్పు" అంది.

"పడవ దర్గా రేవులో కట్టేసి బస్సెక్కుదాం. దారిలో లస్సా పెద్దాయన కనపడి, పడవ తిరిగి నాన్నకి చేరుస్తానన్నాడు" అంది జేబా. నబీర్ ఇంకా అలాగే నిలబడి ఉండటం చూసి, తెడ్డు అతని వైపు చాపింది.

"అలా చూస్తావేం? ఇన్నాళ్ళూ నువ్వు అత్తారింట్లో ఉన్నావు. ఇక నా వంతు. పద."